కౌంటీకి పెద్ద ఎవరు?

2022 జులైలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, మాంట్‌గొమరీ కౌంటీలో ఒక ఎన్నిక జరిగింది. పోలైన ఓట్లు లక్షా నలభై వేల పైచిలుకు. గెలిచిన మార్క్ ఎల్రిచ్‌కు 55,504 వచ్చాయి. రెండో స్థానంలో నిలిచిన డేవిడ్ బ్లెయిర్‌కు 55,472. తేడా 32 ఓట్లు. రీకౌంటింగ్ జరిపి, జనం నెల రోజులకు పైగా ఎదురుచూశాక తేలిన లెక్క అది. నాలుగేళ్ల ముందు, 2018లోనూ మొదటి రెండు స్థానాల్లో ఈ ఇద్దరే నిలిచారు. అప్పటి తేడా 77.

నిజానికి అది డెమోక్రటిక్ పార్టీ తరఫున అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీ మాత్రమే. కానీ ఆ పార్టీకి తిరుగులేని బలమున్న ఆ కౌంటీలో ప్రైమరీ నెగ్గితే సీటు దక్కినట్టే. వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఆ కౌంటీ జనాభా 2020 లెక్కల ప్రకారం పది లక్షల అరవై రెండు వేలు. ఏడాది బడ్జెట్ 700 కోట్ల డాలర్లకు పైగా. పోలీసులు, అగ్నిమాపక దళం, బస్సులు, గ్రంథాలయాలు, ప్రజారోగ్యం, రోడ్ల మీద మంచు తీయించడం దాకా అన్నిటికీ పెద్ద ఒక్కరే. ఆ పదవి పేరు కౌంటీ ఎగ్జిక్యూటివ్.

అమెరికా అధ్యక్షుడు ఎవరన్నది మన ఊరి రచ్చబండ మీద కూడా చర్చకు వస్తుంది. కానీ అమెరికాలోనే ఇరవై ఏళ్లుగా కాపురముంటున్న తెలుగువాళ్లలో చాలామందికి తమ కౌంటీ ఎగ్జిక్యూటివ్ పేరు తెలియదు. పిల్లలు ఎక్కే బస్సుకు టికెట్ ఉండాలా వద్దా, ఇంటిపన్ను ఈ ఏడాది ఎంత పెరుగుతుంది, ఫోన్ చేస్తే అంబులెన్స్ ఎంతసేపట్లో వస్తుంది అన్నవి వాషింగ్టన్‌లో కన్నా ఎక్కువగా కౌంటీ కార్యాలయంలో తేలే విషయాలు.

కౌంటీ అంటే ఏమిటి

కౌంటీని మన జిల్లాతో పోల్చడం సులువు. పటం మీద అది నిజమే. రాష్ట్రానికీ ఊరికీ మధ్య ఉండే పాలనా విభాగమది. దేశం మొత్తం మీద మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి. లూసియానాలో వీటిని పారిష్‌లంటారు, అలాస్కాలో బరోలంటారు. పరిమాణంలో పొంతనే ఉండదు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటి మంది ఉంటే, టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో 2020 జనగణన నాటికి ఉన్నది 64 మంది. కనెక్టికట్ రాష్ట్రం 1960లో కౌంటీ ప్రభుత్వాలనే ఎత్తివేసింది. అక్కడ కౌంటీ పేరు మిగిలింది తప్ప పాలన లేదు.

అయితే జిల్లాకూ కౌంటీకీ ఒక పెద్ద తేడా ఉంది. మన జిల్లాను నడిపేది రాష్ట్ర ప్రభుత్వం పంపిన కలెక్టర్. కౌంటీని నడిపేది అక్కడి ఓటర్లు ఎన్నుకున్నవాళ్లు, లేదా వాళ్లు నియమించుకున్నవాళ్లు. ఆ నడిపే తీరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. స్థూలంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది, అన్నిటికన్నా పాతది, కమిషన్ పద్ధతి. ముగ్గురో అయిదుగురో కమిషనర్లను ఎన్నుకుంటారు. నిబంధనలు చేసేదీ వాళ్లే, అమలు చేసేదీ వాళ్లే. పొలాలు, నాలుగు రోడ్లు, ఒక కోర్టు, ఒక జైలు ఉన్న కౌంటీకి ఇది చాలింది. రెండోది, ఎన్నికైన బోర్డు ఒక వృత్తి నిపుణుణ్ణి జీతానికి పెట్టుకుని పాలన అప్పగించే పద్ధతి. ఉత్తర కరోలినాలోని ఐరెడెల్ కౌంటీ 1927లోనే ఇలా మేనేజర్‌ను పెట్టుకుంది. మూడోది, కౌన్సిల్‌ను వేరుగా, పాలనాధిపతిని వేరుగా ఓటర్లే ఎన్నుకునే పద్ధతి. రాష్ట్రానికి గవర్నర్, శాసనసభ ఉన్నట్టే కౌంటీకి ఎగ్జిక్యూటివ్, కౌన్సిల్ ఉంటాయి.

ఏ కౌంటీలో ఏ పద్ధతి ఉందో తెలియకపోతే సమస్య చెప్పుకోవడానికి ఎవరి తలుపు తట్టాలో తెలియదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాలనే చూస్తే ఈ తేడాలు స్పష్టమవుతాయి. న్యూజెర్సీలో 21 కౌంటీలుంటే, ఎన్నికైన ఎగ్జిక్యూటివ్ ఉన్నవి అట్లాంటిక్, బెర్గెన్, ఎసెక్స్, హడ్సన్, మెర్సర్ అనే అయిదు మాత్రమే. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీని కమిషనర్ల బోర్డు నడుపుతుంది. పక్కనే వెస్ట్ విండ్సర్, ప్రిన్స్‌టన్ ఉన్న మెర్సర్‌కు వెళితే ఎగ్జిక్యూటివ్ ఉంటారు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లోనూ కౌంటీ ఎగ్జిక్యూటివ్ అనే పదవి ఉంది కానీ ఆయన్ను ఓటర్లు ఎన్నుకోరు, బోర్డు నియమిస్తుంది. టెక్సస్‌లో కౌంటీ జడ్జి అనే పదవికి ఎన్నిక జరుగుతుంది. నలుగురు కమిషనర్లతో కలిసి కూర్చునే ఆ జడ్జికీ ఒక్క ఓటే. డాలస్ శివారులోని కాలిన్ కౌంటీలో అయినా, హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో అయినా ఇదే ఏర్పాటు.

మేరీలాండ్‌లో 23 కౌంటీలుంటే తొమ్మిదింటికి ఎన్నికైన ఎగ్జిక్యూటివ్‌లున్నారు. వాటిలో మాంట్‌గొమరీది చెప్పుకోదగ్గ చరిత్ర. ఆ రాష్ట్రంలో సొంత చార్టర్ రాసుకున్న మొదటి కౌంటీ అదే, 1948లో. చార్టర్ అంటే కౌంటీ తనకు తాను రాసుకునే రాజ్యాంగం లాంటిది. మొదట్లో కౌన్సిలే ఒక మేనేజర్‌ను పెట్టుకుని పాలన చూసుకునేది. 1968లో ఓటర్లు చార్టర్‌ను మార్చారు. 1970లో జేమ్స్ గ్లీసన్ మొదటి ఎగ్జిక్యూటివ్‌గా ఎన్నికయ్యారు.

మార్చి 15 నుంచి జూన్ 1 దాకా

ఈ పదవి బలమూ దాని హద్దూ రెండూ బడ్జెట్ వేళ కనిపిస్తాయి. మాంట్‌గొమరీలో ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. మార్చి 15లోగా ఎగ్జిక్యూటివ్ తన బడ్జెట్ ప్రతిపాదనను కౌన్సిల్ ముందు పెట్టాలి. బడులకు ఎంత, బస్సులకు ఎంత, ఉద్యోగుల జీతాలు ఎంత పెంచాలి, ఆస్తిపన్ను రేటు ఎంత ఉండాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఏప్రిల్‌లో బహిరంగ విచారణలు జరుగుతాయి. ముందుగా పేరు నమోదు చేసుకున్న ఎవరైనా వచ్చి కొద్ది నిమిషాలు మాట్లాడవచ్చు. టీచర్లు వస్తారు, వృద్ధాశ్రమాల వాళ్లు వస్తారు, పన్ను పెంచొద్దనే ఇంటి యజమానులు వస్తారు. జూన్ 1లోగా కౌన్సిల్ బడ్జెట్‌ను ఆమోదించాలి. నచ్చని పద్దును ఎగ్జిక్యూటివ్ వీటో చేయవచ్చు. తగినంత మెజారిటీ ఉంటే కౌన్సిల్ ఆ వీటోను తోసిపుచ్చవచ్చు.

2023లో ఏం జరిగిందో చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. బడులకు నిధులు చాలడం లేదని, ఆస్తిపన్ను రేటు పది శాతం పెంచాలని ఎల్రిచ్ ప్రతిపాదించారు. కౌంటీ రెండుగా చీలింది. పిల్లల చదువు కోసం తప్పదన్నవాళ్లు ఒకవైపు, ధరలు మండిపోతున్న వేళ ఇదేమిటన్నవాళ్లు మరోవైపు. కౌన్సిల్‌లోనూ అదే వాదన సాగింది. చివరికి 4.7 శాతం పెంపు ఖాయమైంది. అడిగిందెవరో, తగ్గించిందెవరో జనానికి స్పష్టంగా కనబడింది. ఎవరి నిర్ణయానికి వాళ్ల పేరు అతుక్కుని ఉండడమే ఈ ఏర్పాటులోని సుగుణం.

శాఖల అధిపతులను నియమించేది ఎగ్జిక్యూటివ్. పోలీసు చీఫ్, అగ్నిమాపక చీఫ్, రవాణా డైరెక్టర్ ఇలా ఎవరైనా సరే, కౌన్సిల్ ఆమోదం కావాలి. రోజువారీ యంత్రాంగాన్ని నడపడానికి చీఫ్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ ఉంటారు. ఆ స్థానంలో పాలనానుభవం ఉన్నవాళ్లే ఉండాలని చార్టర్ చెబుతుంది. ఓట్లు గెలిచినవాళ్లకు పాలన తెలియకపోవచ్చు, పాలన తెలిసినవాళ్లు ఓట్లు గెలవలేకపోవచ్చు. ఆ రెండింటినీ కలిపే ప్రయత్నమిది.

ఈ కౌంటీ చేసే పనులు కొన్ని మన పాఠకులకు ఆశ్చర్యం కలిగిస్తాయి. రైడ్ ఆన్ పేరుతో 1975 నుంచి సొంత బస్సులు నడుపుతోంది. 2025 జూన్ చివరి నుంచి వాటిలో టికెట్ లేదు. కౌంటీలో స్పిరిట్ రకం మద్యాన్ని సీసాల్లో అమ్మేది కౌంటీ ప్రభుత్వ దుకాణాలే, లాభం కౌంటీ ఖజానాకే. దుకాణంలో ఇచ్చే సంచికి అయిదు సెంట్ల పన్నును 2012 జనవరిలో మొదలుపెట్టింది. ఇవన్నీ ఆ గడ్డ మీదే చర్చించి, అక్కడే నిర్ణయించుకున్న విషయాలు.

చేయలేనివి కూడా తక్కువేం కాదు. బడుల మీద బడ్జెట్‌లో దాదాపు సగం ఖర్చవుతుంది. దాదాపు 1,60,000 మంది పిల్లలు చదివే ఆ బడులను నడిపేది మాత్రం వేరుగా ఎన్నికైన స్కూల్ బోర్డు. నీళ్లు, మురుగు కాల్వల పని 1918లో రెండు కౌంటీలకు కలిపి ఏర్పడిన ఒక కమిషన్‌ది. పార్కులు, పట్టణ ప్రణాళికల పని 1927 నాటి మరో కమిషన్‌ది. ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌నూ షెరీఫ్‌నూ ఓటర్లు వేరుగా ఎన్నుకుంటారు. భూవినియోగ నిర్ణయాల్లో ఆఖరి మాట కౌన్సిల్‌దే. ఊరి మధ్య ఆకాశహర్మ్యం లేస్తుంటే ఎగ్జిక్యూటివ్‌ను తిట్టుకునేవాళ్లు తలుపు తప్పు తడుతున్నట్టే.

పైన రాష్ట్రం ఉండనే ఉంది. 2020లో కోవిడ్ వేళ మాంట్‌గొమరీ ఆరోగ్యాధికారి ప్రైవేటు బడులను కూడా తెరవరాదని ఆదేశించారు. గవర్నర్ ల్యారీ హోగన్ వెంటనే ఆ అధికారం కౌంటీలకు లేదంటూ ఉత్తర్వు ఇచ్చారు. వారం తిరక్కుండానే కౌంటీ వెనక్కి తగ్గింది. కౌంటీకి అధికారాలిచ్చేది రాష్ట్రం. వెనక్కి తీసుకోగలిగేదీ రాష్ట్రమే.

ఈ కౌంటీ యంత్రాంగంలోంచి పైకొచ్చిన ఒక తెలుగు నేల బిడ్డ ఉన్నారు. హైదరాబాద్‌లో 1964లో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా చేరిన కాట్రగడ్డ అరుణ, నేటి అరుణా మిల్లర్. సివిల్ ఇంజినీరింగ్ చదివి, మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు ఇంజినీరుగా పనిచేశారు. కూడళ్లు, నడకదారులు, రోడ్డు భద్రత ఆమె పని. 2010లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. రాష్ట్ర రాజకీయాల్లో అడుగుపెట్టే ముందే ప్రభుత్వం వీధిలో ఎలా పనిచేస్తుందో ఆమె కౌంటీ ఉద్యోగిగా చూశారు.

శివారు పెరిగింది, పదవి పుట్టింది

ఎన్నికైన ఎగ్జిక్యూటివ్ అనే ఆలోచన 1930ల్లో బలపడింది. ఆర్థిక మాంద్యంలో జనానికి సాయం అందించాల్సిన భారం స్థానిక ప్రభుత్వాల మీద పడింది. న్యూయార్క్ నగరం పక్కనున్న నసావు కౌంటీలో 1938లో రస్సెల్ స్ప్రేగ్, ఆ మరుసటి ఏడాది వెస్ట్‌చెస్టర్ కౌంటీలో విలియం బ్లీక్లీ మొదటి ఎగ్జిక్యూటివ్‌లయ్యారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు, కార్లు పెరిగాయి, నగరాల చుట్టూ పొలాలు కాలనీలయ్యాయి. నిన్నటి దాకా పాలు, మొక్కజొన్న ఉత్పత్తి చేసిన కౌంటీలకు రోడ్లు, మురుగు కాల్వలు, ఆస్పత్రులు, పోలీసులు కావలసివచ్చింది. నెలకు రెండుసార్లు సమావేశమయ్యే కమిషనర్లతో ఆ పని జరగదని తేలింది. బాల్టిమోర్ కౌంటీ 1956లో, మిల్వాకీ 1960లో ఈ దారి పట్టాయి. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ 1969లో జాన్ స్పెల్‌మన్‌ను తొలి ఎగ్జిక్యూటివ్‌గా చూసింది.

పెద్ద పదవులకు ఇది మెట్టు కూడా అయింది. స్పెల్‌మన్ 1981లో వాషింగ్టన్ రాష్ట్ర గవర్నరయ్యారు. అదే కింగ్ కౌంటీ ఎగ్జిక్యూటివ్ గ్యారీ లాక్ 1997లో గవర్నరై, అమెరికాలో ఆ పదవి చేపట్టిన తొలి చైనా సంతతి వ్యక్తిగా నిలిచారు. మాంట్‌గొమరీ పక్కనున్న ప్రిన్స్ జార్జెస్ కౌంటీ ఎగ్జిక్యూటివ్ ఏంజెలా ఆల్సోబ్రూక్స్ 2024 నవంబరులో నేరుగా అమెరికా సెనేట్‌కు ఎన్నికయ్యారు.

ఆపద వచ్చినప్పుడు ఈ పదవి అవసరం మరింత తెలుస్తుంది. 2002 అక్టోబరులో వాషింగ్టన్ చుట్టుపక్కల ఇద్దరు వ్యక్తులు దాక్కుని తుపాకీతో కాల్పులు జరిపారు. పెట్రోలు బంకు దగ్గర నిలబడ్డవాళ్లు, పచ్చిక కోస్తున్నవాళ్లు, బెంచీ మీద కూర్చున్నవాళ్లు బలయ్యారు. మూడు వారాల్లో పదిమంది చనిపోయారు. ఆరంభంలో ఎక్కువ హత్యలు మాంట్‌గొమరీలోనే జరిగాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుంటే రోజూ తెర మీద కనిపించింది కౌంటీ పోలీసు చీఫ్ చార్ల్స్ మూస్, ఎగ్జిక్యూటివ్ డగ్ డంకన్. బడుల తలుపులు మూసి, ఆటలు ఆపి, జనం వంగి నడుస్తున్న ఆ రోజుల్లో రాష్ట్ర పోలీసులు, కేంద్ర దర్యాప్తు సంస్థలు కలిసి పనిచేశాయి. కానీ ఆ ఊరివాళ్లు సమాధానం కోసం చూసింది తాము ఎన్నుకున్నవాళ్ల ముఖం వైపు.

క్లీవ్‌లాండ్ నేర్చిన పాఠం

అధికారం పదిమందికి పంచితే అవినీతి తగ్గుతుందని చాలామంది నమ్మకం. ఒహాయోలోని కయహోగా కౌంటీ అనుభవం ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. క్లీవ్‌లాండ్ నగరం ఉన్న ఆ కౌంటీని ముగ్గురు కమిషనర్లు నడిపేవారు. వాళ్లతో పాటు ఆడిటర్, ట్రెజరర్, రికార్డర్, ఇంజినీరు, షెరీఫ్, కరోనర్, కోర్టు క్లర్కు అందరూ ఎన్నికైనవాళ్లే. ఎవరి రాజ్యం వాళ్లది, ఎవరి ఉద్యోగాల పంపకం వాళ్లది. ఇంతమందిలో తప్పు ఎవరిదో సామాన్యుడికి అంతుపట్టేది కాదు.

2008 జులై 28 ఉదయం ఎఫ్‌బీఐ, ఆదాయపన్ను అధికారులు పెద్దసంఖ్యలో కౌంటీ కార్యాలయాల మీదా, నాయకుల ఇళ్ల మీదా దాడి చేశారు. కమిషనర్ జిమ్మీ డిమోరా, ఆడిటర్ ఫ్రాంక్ రూసో చుట్టూ అల్లుకున్న లంచాల వల బయటపడింది. కాంట్రాక్టులకు ప్రతిఫలంగా ఇంటి మరమ్మతులు, విహారయాత్రలు. ఉద్యోగాలకు ధర. ఆ కేసుల్లో అరవై మందికి పైగా శిక్షపడింది. డిమోరాకు 2012లో 28 ఏళ్ల జైలుశిక్ష విధించారు.

తీర్పుల దాకా జనం ఆగలేదు. 2009 నవంబరులో కొత్త చార్టర్‌ను ఓటుకు పెడితే భారీ మెజారిటీతో నెగ్గింది. ముగ్గురు కమిషనర్లు పోయారు, పాత పదవుల్లో దాదాపు అన్నీ నియామకాలుగా మారాయి. మిగిలింది ఒక ఎగ్జిక్యూటివ్, 11 మంది కౌన్సిల్ సభ్యులు, ఒక ప్రాసిక్యూటర్. 2011 జనవరిలో ఎడ్ ఫిట్జ్‌జెరాల్డ్ మొదటి ఎగ్జిక్యూటివ్‌గా బాధ్యత తీసుకున్నారు.

కొత్త చార్టర్‌తో కౌంటీ కష్టాలు తీరిపోలేదు. 2018లో ఆ కౌంటీ జైల్లో కొద్ది నెలల్లోనే పలువురు ఖైదీలు చనిపోయారు. కేంద్ర మార్షల్స్ సర్వీసు తనిఖీ చేసి, అక్కడి పరిస్థితి అమానుషంగా ఉందని నివేదిక ఇచ్చింది. షెరీఫ్‌ను ఎగ్జిక్యూటివ్ నియమిస్తున్నందువల్లే జైలు మీద స్వతంత్ర పర్యవేక్షణ లేకపోయిందని, ఆ పదవికి మళ్లీ ఎన్నిక పెట్టాలని వాదన లేచింది. పాత రోజుల్లో అయితే వేళ్లు పదివైపులా చూపించేవి. ఈసారి అన్ని ప్రశ్నలూ ఒక కార్యాలయం తలుపు దగ్గరికే వెళ్లాయి.

ఒక్క చేతిలో అధికారం

ఒక్కరి చేతిలో పెడితే ఆ చేయి తప్పు చేస్తే? ఈ భయానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. స్పిరో అగ్న్యూ 1962 నుంచి 1966 దాకా బాల్టిమోర్ కౌంటీ ఎగ్జిక్యూటివ్. కౌంటీలో రోడ్లు, మురుగు కాల్వలు వేగంగా కడుతున్న కాలమది. ఇంజినీరింగ్ కాంట్రాక్టులు పొందిన సంస్థలు ఆయనకు కవర్లలో నగదు ముట్టజెప్పేవి. ఆయన గవర్నరయ్యారు, 1969లో దేశ ఉపాధ్యక్షుడయ్యారు. చెల్లింపులు అప్పుడూ ఆగలేదు. మేరీలాండ్‌లోని కేంద్ర ప్రాసిక్యూటర్లు కౌంటీ కాంట్రాక్టుల తీగ లాగితే ఉపాధ్యక్షుడి దాకా డొంక కదిలింది. 1973 అక్టోబరు 10న అగ్న్యూ రాజీనామా చేసి, పన్ను ఎగవేత అభియోగాన్ని ఎదిరించబోనని కోర్టుకు చెప్పారు. లంచాల సొమ్ముకు లెక్కగట్టి దాదాపు రెండున్నర లక్షల డాలర్లు రాష్ట్రానికి చెల్లించాలని 1980ల్లో కోర్టు ఆదేశించింది.

మిల్వాకీలో మరో రకం కథ. కౌంటీ ఉద్యోగుల పింఛను నిబంధనలను 2000 ప్రాంతంలో ఎగ్జిక్యూటివ్ టామ్ ఏమెంట్, కౌంటీ బోర్డు కలిసి బాగా ఉదారంగా సడలించారు. దీర్ఘకాలం పనిచేసినవాళ్లకు పదవీ విరమణ రోజున పెద్ద మొత్తాలు ఒకేసారి దక్కే ఏర్పాటది. ఏమెంట్‌కే 20 లక్షల డాలర్లకు పైగా రావచ్చని పత్రికల్లో వచ్చేసరికి జనం మండిపడ్డారు. ఆయన్ను మధ్యలోనే దించే రీకాల్ ఎన్నిక కోసం సంతకాల సేకరణ ఉప్పెనలా సాగింది. 2002 ఫిబ్రవరిలో ఆయన తప్పుకున్నారు. పలువురు బోర్డు సభ్యులను ఓటర్లు రీకాల్ చేశారు. ఆ ఏప్రిల్‌లో జరిగిన ఎన్నికలో గెలిచిన స్కాట్ వాకర్ తర్వాత విస్కాన్సిన్ గవర్నరయ్యారు.

ఈ రెండు కథలూ పదవిని రద్దు చేయమని చెప్పవు. కౌన్సిల్ బలంగా ఉండాలని, లెక్కలు తెరిచి ఉండాలని, స్థానిక పత్రిక బతికి ఉండాలని చెబుతాయి. మిల్వాకీలో ఎగ్జిక్యూటివ్‌తో కలిసి బోర్డు కూడా చేయెత్తింది కాబట్టే పింఛను ఒప్పందం అంత సులువుగా నెగ్గింది. బయటపెట్టింది పాత్రికేయులు, దించింది సంతకాలు పెట్టిన ఓటర్లు. మాంట్‌గొమరీ ఓటర్లు మరో కట్టడి కూడా పెట్టుకున్నారు. 2016లో ఎగ్జిక్యూటివ్‌కు వరుసగా మూడు పర్యాయాలే గరిష్ఠమన్నారు. 2024లో దాన్ని రెండుకు తగ్గించారు. దాంతో ఎల్రిచ్‌కు 2026లో మళ్లీ ఆ పదవికి పోటీచేసే అవకాశం పోయింది.

మన దగ్గరా జరిగింది

ఇదంతా మనకు కొత్త అనుకోనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో మండల వ్యవస్థ తెస్తూ, మండలాధ్యక్షుణ్ణీ జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షుణ్ణీ ఓటర్లే నేరుగా ఎన్నుకునేలా చట్టం చేసింది. 1987లో ఆ ఎన్నికలు జరిగాయి. జిల్లా మొత్తం ఓటేసి ఒక్కరిని ఎన్నుకున్న అరుదైన సందర్భమది. 1994 చట్టంతో ఆ పద్ధతి పోయి, సభ్యులే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే తీరు వచ్చింది. హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డిని 2002లో నగర ఓటర్లు నేరుగా గెలిపించారు. గ్రేటర్ ఏర్పడ్డాక 2009 నుంచి మేయర్ ఎన్నిక మళ్లీ కార్పొరేటర్ల చేతికి వెళ్లింది. గ్రామ సర్పంచ్ దగ్గర మాత్రం ప్రత్యక్ష ఎన్నిక నిలిచింది.

నేరుగా ఎన్నికైన రోజుల్లో కూడా మన జడ్పీ అధ్యక్షుడికి, అమెరికా కౌంటీ ఎగ్జిక్యూటివ్‌కు ఉన్న రెండు బలాలు లేవు. సొంతంగా వేసి వసూలు చేసుకునే పన్ను, సొంతంగా నియమించుకునే అధికారగణం. జిల్లాలో పోలీసు ఎస్పీ, రెవెన్యూ యంత్రాంగం రాష్ట్రం మాట వింటాయి. ఓటుతో గెలిచిన మనిషికి ఖజానా, సిబ్బంది కూడా ఇస్తేనే ఆ ఓటుకు పని చేయించే శక్తి వస్తుంది. స్థానిక పాలన గురించి మన దగ్గర జరిగే చర్చల్లో ఎన్నిక ఎలా జరగాలన్నదానికిచ్చిన ప్రాధాన్యం ఈ రెంటికీ ఇవ్వకపోవడం విచారకరం.

కోటి మందికి ఒక్కరు

ఇప్పుడు అందరి చూపూ లాస్ ఏంజెలెస్ మీద ఉంది. 1912లో చార్టర్ రాసుకున్న నాటి నుంచి ఆ కౌంటీని అయిదుగురు సూపర్‌వైజర్లే నడుపుతున్నారు. ఒక్కొక్కరు దాదాపు ఇరవై లక్షల మందికి ప్రతినిధి. జనం వాళ్లను అయిదుగురు చిన్న రాజులని పిలిచేవారు. 2020 చివరి నుంచి ఆ అయిదు కుర్చీల్లోనూ మహిళలే ఉన్నారు. శాసనమూ వాళ్లదే, పాలనా వాళ్లదే. ఎన్నికైన ఎగ్జిక్యూటివ్ కావాలన్న ప్రతిపాదనను ఓటర్లు గతంలో తిప్పికొట్టారు. 2024 నవంబరులో మెజర్ జి అనే ప్రతిపాదన స్వల్ప మెజారిటీతో నెగ్గింది. దాని ప్రకారం 2028లో ఓటర్లు ఎగ్జిక్యూటివ్‌ను ఎన్నుకుంటారు. 2032 నాటికి సూపర్‌వైజర్ల సంఖ్య తొమ్మిదికి పెరుగుతుంది.

ఓటింగ్ ముగిసి రెండు నెలలు గడిచాయో లేదో, 2025 జనవరి 7 సాయంత్రం, ఆల్టడీనా పక్కనున్న కొండల్లో మంటలు లేచాయి. ఆల్టడీనా ఏ నగరంలోనూ కలవని ప్రాంతం. దానికి మేయర్ లేరు, నగర కౌన్సిల్ లేదు. పాలన నేరుగా కౌంటీదే. పశ్చిమ ఆల్టడీనా వాసులకు ఖాళీ చేయమన్న ఉత్తర్వు తెల్లవారుజామున, మంటలు మొదలైన చాలా గంటల తర్వాత అందింది. ఆ అగ్నిప్రమాదంలో చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ ఆ పడమటి వైపువాళ్లే. ఉత్తర్వు ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్నకు జవాబు కోసం షెరీఫ్ శాఖ, అగ్నిమాపక శాఖ, అత్యవసర నిర్వహణ కార్యాలయం, సూపర్‌వైజర్ల మధ్య తిరగాల్సివచ్చింది. సర్వం కోల్పోయిన కుటుంబాలకు అది రెండో దెబ్బ.

మార్పు కూడా అంత తేలిగ్గా జరగడం లేదు. మెజర్ జి ముసాయిదాలో దొర్లిన పొరపాటు వల్ల, జైళ్లకు బదులు సామాజిక సేవలకు నిధులు కేటాయించాలని 2020లో ఓటర్లు ఆమోదించిన మెజర్ జె అనే సవరణ చార్టర్‌లోంచి తొలగిపోతుందని 2025 జులైలో బయటపడింది. దాన్ని సరిదిద్దే పని కౌంటీ మీద పడింది. ఎగ్జిక్యూటివ్ అధికారాలను ఆచరణలో ఎలా అమర్చాలి, ఇన్నాళ్లూ సూపర్‌వైజర్ల కింద పనిచేసిన శాఖలను కొత్త పదవి కిందికి ఎలా మార్చాలి, ఆ ఒక్కరి మీద నిఘా ఎవరు పెట్టాలి అన్నవి ఇందుకోసం ఏర్పడిన సంస్కరణల సంఘం బహిరంగ సమావేశాల్లో చర్చకు వస్తున్నాయి. షెరీఫ్, జిల్లా అటార్నీ, ఆస్తి విలువలు కట్టే అసెసర్ ఎప్పటిలాగే వేరుగా ఎన్నికవుతారు.

2028లో గెలిచేవాళ్ల కింద ఉండేది అమెరికాలోని 40 రాష్ట్రాల్లో ఏ ఒక్కదానికన్నా పెద్ద జనాభా. ఆ పదవికి పోటీచేయాలనుకునేవాళ్లు, ఓటేయబోయేవాళ్లు చదవాల్సిన మొదటి పత్రం కొత్త చార్టర్. దానికి తుదిరూపం వచ్చేలోగా సమావేశాలకు వెళ్లి మాట్లాడే హక్కు ఆ కౌంటీలో ఉండే ప్రతి ఒక్కరికీ ఉంది. అక్కడ ఇళ్లు కొనుక్కుని పన్ను కడుతున్న తెలుగు కుటుంబాలకు కూడా.